పనికి ప్రేరణ

గుంటూరు నుండి తెనాలి వెళ్లే రైలుమార్గంలో, తెనాలికి ముందు వచ్చే చిన్న స్టేషను అంగలకుదురు. చుట్టూ కృష్ణా డెల్టా వరిచేలు, కాలువలు. పసుపు వ్యాపారానికి పేరుపొందిన దుగ్గిరాల, నాటకానికీ శిల్పానికీ పేరుపొందిన తెనాలి ఈ గ్రామానికి చేరువలోనివే. కానీ ఈ ప్రాంతపు అరుగుల మీద నేడు వినిపించే ఊళ్ల పేర్లు ఇవి మాత్రమే కావు. డల్లాస్, సియాటిల్, సిడ్నీ, సింగపూరు, బెంగళూరు అనే పేర్లు కూడ పొరుగూరి పేర్లంత తేలికగా పెద్దల నోట పలుకుతున్నాయి. పిల్లలు అక్కడ ఉన్నారు. వారిలో పలువురి వృత్తి సాఫ్ట్‌వేర్.

కొంతకాలం క్రితం అంగలకుదురులో ఒక రైతు నన్ను ఆపి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. ఆయన కుమారుడు అమెరికాలో పెద్ద కంపెనీలో పనిచేస్తూ, ఉన్నట్టుండి దానిని విడిచి, అంతకంటె తక్కువ జీతానికి ఒక చిన్న కంపెనీలో చేరాడట.

“మాస్టారూ, వాడికి అక్కడ ఏం తక్కువైందంటారు? కూర్చుని చేసే పని. ఎండ లేదు, వాన లేదు. నెల తిరిగేసరికి జీతం. అడిగితే, ‘మూడేళ్లుగా ఒకటే పని నాన్నా, కొత్తగా నేర్చుకునేదేమీ లేదు’ అంటాడు. నలభై ఏళ్లుగా నేనూ ఒకటే చేను దున్నుతున్నాను గదా, నాకు విసుగు పుట్టిందా?”

అప్పటికప్పుడు నాకు సమాధానం తోచలేదు. ఆయన అడిగిన ఒక్క ప్రశ్నలో రెండు ప్రశ్నలు ఇమిడి ఉన్నాయి. మనిషి చేత ఇష్టంగా పనిచేయించేది ఏది? అది అన్ని దేశాలలోను, అన్ని సంస్కృతులలోను ఒకటేనా? మొదటి ప్రశ్నను గురించి మనస్తత్త్వ శాస్త్రవేత్తలు చాలాకాలంగా పరిశోధిస్తున్నారు. రెండవ ప్రశ్న, ఒకే కంపెనీలో పది దేశాలవారు కలిసి పనిచేసే ఈ వృత్తి వచ్చిన తరువాత మరింత ముఖ్యమైనది. అది మన ఇళ్లకు, మీరు రేపు ఎన్నుకోబోయే చదువుకు సంబంధించినది కూడ.

పనిచేయాలనే కోరికను మనిషి లోపలి నుండి పుట్టించి, దానిని నిలిపి ఉంచే శక్తిని ప్రేరణ అంటాం. అమెరికన్ మనస్తత్త్వ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్, తన సహచరులతో కలిసి పిట్స్‌బర్గ్ ప్రాంతంలోని సుమారు రెండు వందల మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను కలుసుకున్నాడు. ఉద్యోగ జీవితంలో మీకు మిక్కిలి ఆనందం కలిగించిన సందర్భమేది, మిక్కిలి బాధ కలిగించిన సందర్భమేది అని అడిగాడు. 1959లో ప్రకటించిన ఆ పరిశోధనలో ఒక విశేషం కనిపించింది. బాధపడిన సందర్భాలలో ఎక్కువగా కంపెనీ నిబంధనలు, పై అధికారి ప్రవర్తన, జీతం వంటివి వచ్చాయి. ఆనందించిన సందర్భాలలో ఏదో సాధించడం, గుర్తింపు పొందడం, ఆ పని మీద ఇష్టం వంటివి వచ్చాయి. అంటే దుఃఖానికి కారణమైన దానిని తొలగించినంత మాత్రాన సుఖం రాదు. కూరలో ఉప్పు తక్కువైతే ముద్ద దిగదు. అలాగని ఉప్పు ఎంత ఎక్కువ వేస్తే కూర అంత రుచిగా ఉంటుందా? హెర్జ్‌బర్గ్ దృష్టిలో జీతం ఆ ఉప్పు వంటిది.

మరి రుచి దేనిలో ఉన్నది? 1970ల నాటికి రిచర్డ్ హాక్‌మన్, గ్రెగ్ ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి ఒక సమాధానం రూపొందించారు. ఒక పని మనిషిని ఆకట్టుకోవాలంటే దానిలో అయిదు లక్షణాలు ఉండాలన్నారు. తెనాలిలో విగ్రహాలు చేసే శిల్పిని తలచుకుంటే ఇవి సులభంగా బోధపడతాయి. అతడు మట్టి పిసుకుతాడు, కొలతలు వేస్తాడు, అచ్చు తీస్తాడు, ముఖంలో జీవం తెస్తాడు. ఇట్లా పలు నైపుణ్యాలు అవసరం కావడం మొదటి లక్షణం. మట్టిముద్ద నుండి నిలువెత్తు విగ్రహం దాకా మొత్తం అతని చేతి మీదుగానే సాగడం రెండవది. ఆ విగ్రహం ఏదో ఒక ఊరి కూడలిలో నిలుస్తుంది, పదిమంది దానికి దండ వేస్తారు. తన పని ఇతరులకు విలువైనదని తెలియడం మూడవది. ముక్కు ఎట్లా తీర్చాలో అతడే నిర్ణయించుకోగల స్వేచ్ఛ నాలుగవది. పోలిక కుదిరిందో లేదో చూడగానే తెలిసిపోవడం అయిదవది. అదే శాలలో రోజంతా ఇతరులు చేసిన విగ్రహాలకు నునుపు పెట్టే పని మాత్రమే ఒకరికి అప్పగించామనుకోండి. కూలి సమానంగానే ఇచ్చినా ఆ ఇద్దరి ఉత్సాహం ఒక్క తీరుగా ఉండదు.

అయితే అందరికీ ఈ లక్షణాల కోసం ఒకే ఆకలి ఉండదు. కొందరికి పని ద్వారా ఎదగాలన్న కాంక్ష ఎక్కువ, కొందరికి తోటివారితో కలిసిమెలిసి ఉండాలన్న కాంక్ష ఎక్కువ. కొలరాడో విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ కూగర్, రాబర్ట్ జవాకి ఈ కొలమానాన్ని కంప్యూటరు ఉద్యోగులకు వర్తింపజేశారు. అమెరికాలో రెండు వేల మందికి పైగా ఉద్యోగుల నుండి సమాధానాలు సేకరించి 1980లో గ్రంథం వెలువరించారు. ఇతర వృత్తులవారితో పోల్చినపుడు ప్రోగ్రామర్లలో ఎదుగుదల కాంక్ష చాలా ఎక్కువగాను, సాంఘిక కాంక్ష చాలా తక్కువగాను కనిపించింది. వీరికి మనుషులంటే గిట్టదని దీని అర్థం కాదు. ఒక చిక్కుముడి విప్పడంలో మునిగి ఉన్నవాడికి సమావేశానికి పిలుపు వస్తే కలిగే విసుగు ఎటువంటిదో, లెక్క చేస్తూ మధ్యలో లేవవలసి వచ్చిన విద్యార్థికి తెలుస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా అమెరికా మాట. మన దేశపు మాట ఏమిటి? అమెరికన్ల మీద పరిశోధించి అమెరికన్లు కట్టిన సిద్ధాంతాలు ఇతర దేశాలకు వర్తిస్తాయా అని 1980లో సూటిగా ప్రశ్నించినవాడు డచ్ పండితుడు గీర్ట్ హాఫ్‌స్టెడ్. ఐబీఎం కంపెనీకి అనేక దేశాలలో ఉన్న ఉద్యోగుల నుండి 1967–1973 మధ్య సేకరించిన లక్షకు పైగా ప్రశ్నపత్రాలను ఆయన పరిశీలించాడు. వారందరి యజమాని ఒకరే. పనులు కూడ దాదాపు ఒకటే. కనుక సమాధానాలలోని తేడాలకు దేశ సంస్కృతి కారణమై ఉండవచ్చునని ఆయన తలచాడు. (ఆ ఐబీఎం 1978లో మన దేశాన్ని వీడి వెళ్లి, 1990లలో మరల వచ్చింది. అది వేరే కథ.)

హాఫ్‌స్టెడ్ కొలతలలో ఒకటి అధికార దూరం. పై అధికారికీ కింది ఉద్యోగికీ మధ్య ఉన్న అంతరాన్ని సమాజం ఎంత సహజంగా అంగీకరిస్తుందో అది తెలుపుతుంది. ఇందులో భారతదేశానికి 77, అమెరికాకు 40, ఇజ్రాయెలుకు 13 వచ్చాయి. వ్యక్తివాదం అనే మరొక కొలతలో అమెరికాకు 91 రాగా, మనకు 48, జపానుకు 46 వచ్చాయి. అనిశ్చితిని తప్పించుకోవాలనే తత్త్వంలో జపానుకు 92, సింగపూరుకు 8. ఈ అంకెలు నిత్యజీవితంలో ఎట్లా కనిపిస్తాయో ఊహించడం కష్టం కాదు. ఇజ్రాయెలులో యువ ప్రోగ్రామరు సమావేశంలో లేచి, “మీ పథకం తప్పు” అని అధికారితో అనగలడు. ఆ మాట అనగలిగిన స్వేచ్ఛే అతనికి ఉత్సాహం. మన దేశంలో అదే వయసువాడు తప్పు కనిపెట్టినా, “సార్, ఒక చిన్న సందేహం” అంటూ మొదలుపెడతాడు. అధికారి భుజం తట్టి, “అమ్మగారి ఆరోగ్యం కుదుటపడిందా?” అని అడిగితే, ఆ ఒక్క మాటకు అర్ధరాత్రి దాకా కూర్చుని పని ముగిస్తాడు. అదే ప్రశ్న అమెరికాలో అధికారి అడిగితే, ఇతడికి నా ఇంటి విషయం దేనికి అనుకునేవారూ ఉండవచ్చు.

కాబట్టి ప్రేరణ ఎవరి చేతి మీదుగా అందుతుందన్న దానిలో సంస్కృతుల మధ్య తేడా ఉన్నది. మరి కాంక్షలోనే తేడా ఉన్నదా? కూగర్ తన పరిశోధనను అమెరికా దాటించి సింగపూరు మొదలైన దేశాలకు తీసుకువెళ్లాడు. సింగపూరు, అమెరికా ప్రోగ్రామర్లను పోల్చి 1986లో వ్యాసం ప్రకటించాడు. రెండు సంస్కృతుల మధ్య ఇంత దూరం ఉన్నా, ఆ ఉద్యోగులలో తేడాలకన్న పోలికలే ఎక్కువగా కనిపించాయి. చిక్కు సమస్యను పట్టుకుని, దానిని విడదీసి, కొత్తది నేర్చుకోవాలన్న ఆకలి రెండు చోట్లా ఉన్నది.

జపాను ఉదాహరణ ఇంకా ఆసక్తికరం. 1969లో హిటాచీ కంపెనీ సాఫ్ట్‌వేరును కర్మాగారంలో వస్తువు వలె తయారుచేయాలని ఒక ప్రత్యేక కేంద్రం స్థాపించింది. పనిని భాగాలు చేసి, ప్రమాణాలు నిర్ణయించి, బృందం మొత్తానికి బాధ్యత అప్పగించడం ఆ పద్ధతి. వ్యక్తి గొప్పతనానికి అక్కడ చోటు తక్కువ. జపానువారి ప్రేరణ బృందంలో ఉన్నదని చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదని అనిపిస్తుంది. కాని అదే జపానులో యుకిహిరో మత్సుమోతో అనే వ్యక్తి 1995లో రూబీ అనే ప్రోగ్రామింగు భాషను లోకానికి అందించాడు. యంత్రం వేగం కన్న, రాసే మనిషి ఆనందం ముఖ్యమని ఆయన ఉద్దేశం. తరువాత ఆయన స్థిరపడినది టోక్యోలో కాదు, మత్సుయే అనే చిన్న పట్టణంలో. దేశానికి వేసిన అంకె ఆ దేశంలోని ప్రతి మనిషికీ వర్తించదని దీనివల్ల తెలుస్తున్నది.

ఇక మన ఇంటి ముచ్చటకు వద్దాం. 1990ల చివర తెలుగు యువకులు పెద్ద సంఖ్యలో ఈ రంగంలో ప్రవేశించారు. తెనాలికి సమీపంలోని వడ్లమూడిలో 1997లో విజ్ఞాన్ ఇంజనీరింగు కళాశాల ఏర్పడింది. 1998 నవంబరులో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో కిక్కిరిసిన గదులలో వేలమంది కోర్సులు నేర్చారు. అమెరికా తాత్కాలిక ఉద్యోగ వీసాల వార్షిక పరిమితి 65,000 నుండి క్రమంగా పెరిగి, 2001–2003 సంవత్సరాలకు 1,95,000 అయింది. ఆనాడు వారిలో అనేకులకు దొరికిన పని ఏమిటి? పాత ప్రోగ్రాములలో సంవత్సరాన్ని రెండంకెలతోనే రాసేవారు. 1998ని 98గా రాసినంతవరకు ఇబ్బంది లేదు. 2000 వచ్చేసరికి 00 అనేది 1900 అని యంత్రం పొరబడవచ్చు. దానిని నివారించడానికి కోబాల్ వంటి పాత భాషలలో ఉన్న లక్షల పంక్తులను వెదకి సరిచేయాలి. అది అత్యవసరమైన పని, లోకానికి ఉపకరించిన పని. కాని రోజుల తరబడి ఒకే మార్పు చేస్తూ పోయే పని. విగ్రహానికి నునుపు పెట్టడం వంటిది. ఎదుగుదల కాంక్ష మిక్కుటంగా ఉన్న యువకులకు, ఎదుగుదలకు అంతగా వీలులేని పని ఆనాడు దక్కింది.

అయినా వారు ఎందుకు చేశారు? ఈ ప్రశ్నకు హెర్జ్‌బర్గ్ వద్ద పూర్తి జవాబు దొరకదు. షియాంగ్ బియావో అనే మానవశాస్త్రవేత్త 2000 తరువాతి కాలంలో హైదరాబాదులోను, సిడ్నీలోను తెలుగు సాఫ్ట్‌వేరు ఉద్యోగుల మధ్య తిరిగి పరిశోధించి 2007లో ఒక గ్రంథం ప్రచురించాడు. ఉద్యోగుల్ని కంపెనీలకు అద్దెకు ఇచ్చే దళారుల వ్యవస్థను, పని లేక ‘బెంచి’ మీద గడిపే నెలలను ఆయన వర్ణించాడు. కోస్తా ఆంధ్రలో కుమారుడి సాఫ్ట్‌వేరు చదువు కుటుంబం పెట్టిన పెట్టుబడి అని, అతని విదేశీ ఉద్యోగంతో కట్నం అంచనాలు కూడ ముడిపడి ఉన్నాయని ఆయన గమనించాడు. ఈ మాట మనకు రుచించకపోవచ్చు. రుచించనంత మాత్రాన అబద్ధం కాదు. పొలం అమ్మి చదివించిన తండ్రి, అప్పు తీర్చవలసిన తమ్ముడి చదువు, అక్క పెళ్లి ఇవన్నీ ఆ యువకుడి కంప్యూటరు ముందు కూర్చుని ఉంటాయి. అతడు చేస్తున్నది ‘నా ఉద్యోగం’ కాదు, ‘మా ఉద్యోగం’. కుటుంబం కోసం చేసే పనిలో ఒక గౌరవం ఉన్నది, ఒక బలం ఉన్నది. ఆడపిల్ల తండ్రి నెత్తిన కట్నమై కూర్చున్నప్పుడు మాత్రం అది గౌరవం అనిపించుకోదు.

అయితే ఇది మన సంస్కృతి, మనవాడు ఇంటి కోసమో అధికారి మెప్పు కోసమో తప్ప పని కోసం పనిచేయడు అని తీర్మానించవచ్చునా? ఈ ప్రశ్న మన గడ్డ మీదనే ఒకసారి పరీక్షకు వచ్చింది. 1964లో హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ మెక్లీలాండ్, హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. కాకినాడ నుండి సుమారు యాభై మంది వ్యాపారులను హైదరాబాదుకు రప్పించి కొద్దిరోజుల శిక్షణ ఇచ్చారు. అందులో కథలు రాయించారు, ఆటలు ఆడించారు. మెక్లీలాండ్ ప్రసిద్ధం చేసిన ఆటలలో ఒకటి, నిలిపిన కర్రకు తగిలేటట్లు రింగులు విసరడం. ఎంత దూరంలో నిలబడాలో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. దగ్గరగా నిలబడితే తప్పక పడుతుంది, కాని అందులో గొప్ప లేదు. చాలా దూరంగా నిలబడితే పడినా అది అదృష్టం. సాధనకాంక్ష గలవాడు మధ్యస్థంగా, కష్టపడితే పడగలిగినంత దూరంలో నిలబడతాడు. మనిషిలోని ప్రేరణను ఒక పసిపిల్లల ఆటతో పట్టుకున్న ఈ ఉపాయం నాకు చాలా ఇష్టం.

శిక్షణ తరువాత ఆ వ్యాపారులను గమనించగా, శిక్షణ పొందనివారి కంటె వీరు కొత్త పనులు ప్రారంభించడంలో, పెట్టుబడి పెట్టడంలో, ఉపాధి కల్పించడంలో ముందున్నట్లు తేలింది. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్లీలాండ్ ఈ ఫలితాలను 1969లో గ్రంథరూపంలో వెలువరించాడు. అందులో మనకు ముఖ్యమైన అంశం మరొకటి ఉన్నది. సంప్రదాయ విశ్వాసాలు గట్టిగా కలవారు ఈ మార్పుకు అడ్డుపడతారని ముందుగా భావించారు. కాని ఆ విశ్వాసాలు అడ్డంకి కాలేదు. జాతకం చూపించుకునేవాడు కూడ చొరవ నేర్చుకోగలడు. ప్రేరణ పుట్టుకతో వచ్చే రంగు కాదు, నేర్చుకోదగిన అలవాటు అని ఆ ప్రయోగం సూచించింది. ఆ శిక్షణ సంస్థ ఉన్న యూసఫ్‌గూడకు, తరువాత మూడు దశాబ్దాలకు యువకులు కోర్సుల కోసం క్రిక్కిరిసిన అమీర్‌పేటకు దూరం ఎంతో లేదు. కాని రెండు చోట్ల నేర్పినవి వేరు. ఒకచోట నేర్పినది సాధించాలన్న కోరిక, మరొకచోట నేర్పినది ఉద్యోగానికి పనికివచ్చే విద్య.

పని కోసమే పనిచేసిన తెలుగువారి ఉదాహరణ కూడ ఈ రంగంలోనే ఉన్నది. కంప్యూటరు మీద తెలుగు రాయడం అసాధ్యమనుకున్న రోజులలో హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో చదివిన తెలుగువారు ఆంగ్ల అక్షరాలతో తెలుగు రాసి, దానిని తెలుగు లిపిగా మార్చే పద్ధతిని రూపొందించారు. అదే ఆర్‌టీఎస్. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే అక్షరరూపాలను తీర్చిదిద్దారు. వెన్న నాగార్జున ‘పద్మ’ అనే లిపి మార్పిడి సాధనాన్ని తయారుచేశారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా పుట్టడానికి చొరవ చూపినదీ ఆయనే. 2006లో వీవెన్ ‘లేఖిని’ని అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. ఈ పనులకు జీతం లేదు, వీసా లేదు. ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ మొదలుపెట్టింది సరదా కొద్దీ. తన ఆత్మకథకు ఆయన అదే పేరు పెట్టుకున్నాడు. మనవారి పనిలో ఆ సరదాకు తోడు మరొకటి కనిపిస్తుంది. అది అమ్మకు ఉత్తరం రాసే భాష యంత్రానికి కూడ రావాలన్న మమకారం. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ చెప్పిన అయిదు లక్షణాలూ అందులో ఉన్నాయి. పలు నైపుణ్యాలు కావాలి, మొదటి నుండి చివరి వరకు తనదే పని, భాషకు మేలు, అడ్డుచెప్పే అధికారి లేడు, తెర మీద ‘అ’ సరిగా వచ్చిందో లేదో తక్షణం తెలుస్తుంది. సంస్కృతి ఇక్కడ ప్రేరణకు అడ్డు కాలేదు. పైగా పని ఎవరికి విలువైనదో అదే చూపించింది.

ఇదంతా చదివి, ఆలోచించుకున్న తరువాత ఒకనాడు మరల అంగలకుదురు వెళ్లాను. ఆ రైతు చేను గట్టు మీదనే కనిపించాడు.

“మీరు నలభై ఏళ్లుగా ఒకటే పని చేస్తున్నానన్నారు గదా, అది నిజం కాదండీ” అన్నాను. “దమ్ము చేయడం వేరు, నాట్లు వేయించడం వేరు, తెగులు కనిపెట్టడం వేరు. నారు నుండి నూర్పిడి దాకా మొత్తం మీదే. ఏ రకం వేయాలో, నీరు ఎప్పుడు పెట్టాలో మీరే నిర్ణయిస్తారు. పండిన గింజ పదిమంది తింటారు. పని బాగా చేశారో లేదో ఏ అధికారీ చెప్పనక్కరలేదు, చేనే చెబుతుంది. మీ అబ్బాయికి ఆ పాత ఉద్యోగంలో ఇవేవీ లేవు. ఇతరుల చేనులో ఒకే మూల, ఒకే కలుపు, మూడేళ్లు.”

ఆయన కాసేపు కాలువ వైపు చూస్తూ ఊరుకున్నాడు. తరువాత అడిగాడు.

“అయితే ఇప్పుడు వాడికి చేను దొరికిందంటారా, మాస్టారూ?”

“ఒక పంట చూస్తే గాని చెప్పలేమండీ” అన్నాను.